పక్కింటి పిల్ల సంగతి చూసి మా అమ్మాయికి పెళ్లి చేసేయమంటున్నారు

ప్రశ్న: అక్కా, మాది పాలమూరు వైపు. పెళ్లయిన దగ్గర్నుంచి హైదరాబాద్‌లోనే, బోరబండ దగ్గర బస్తీలో ఉంటున్నాం. మా ఆయన ఆటో నడుపుతారు. నేను అపార్ట్‌మెంట్లలో వంట పని చేస్తాను. పొద్దున ఆరింటికి పోతే మధ్యాహ్నం వస్తాను, సాయంత్రం మళ్లీ పోతాను. ఇంట్లో అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. పెద్దది అమ్మాయి, 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్. బాబు ఏడో క్లాసు. మా గల్లీలోనే ఒక అమ్మాయి, మా దాని ఈడుదే, కడుపుతో ఉందని ఈమధ్య బయటపడింది. తెలిసేసరికి ఐదో నెల. వాళ్లమ్మను అనని మాట లేదు. అది జరిగిన వారానికే మా అమ్మాయి ఫోన్‌లో ఒక అబ్బాయి మెసేజీలు చూశాను. 'తిన్నావా', 'ఎక్కడున్నావ్' లాంటివే, కానీ నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కొట్టాను. ఫోన్ తీసేసుకున్నాను. వారం నుంచి కాలేజీకి పంపడం లేదు. అత్తమ్మ, మా అమ్మ ఒక్కటై, మా తమ్ముడికిచ్చి చేసేయమంటున్నారు. వాడికి 26. మంచివాడు, తాగడు. శ్రావణంలో ముహూర్తం చూస్తామంటున్నారు. నేను తొమ్మిదితో బడి మానేశాను. 16కే పెళ్లయింది, 17కి ఇది పుట్టింది. బతికాం కదా అనిపిస్తుంది, మళ్లీ నా బతుకే దానికీ ఇస్తున్నానా అనిపిస్తుంది. ఇంకో సంగతి, ఈ నెల పది రోజులు దాటినా దానికి బయట చేరలేదు. అడగాలంటే భయం. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక అమ్మ, హైదరాబాద్

జవాబు: చెల్లెమ్మా, ఉత్తరం చివర్లో భయపడుతూ రాసిన మాట ఉందే, దాన్నే ముందు చూద్దాం. పెళ్లి సంగతి ఒక వారం ఆగుతుంది. ఇది ఆగకూడదు.

పది రోజులు ఆలస్యమైనంత మాత్రాన కడుపని అనుకోవద్దు. ఈ వయసులో నెలసరి తప్పడం మామూలే. రక్తం తక్కువగా ఉన్నా, తిండి సరిగా లేకపోయినా, పీసీఓడీ (అండాశయాల సమస్య) ఉన్నా, మనసు బాగా లేకపోయినా వెనక్కి పోతుంది. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దెబ్బలు తిని, వారం రోజులుగా గదిలో కూర్చున్న పిల్ల సరిగా తింటోందో లేదో మీరే చూసుకోండి.

అయినా అడగాలి. అత్తమ్మ వినేట్టు కాదు, బాబు పక్కన ఉండగా కాదు. మీరిద్దరే ఉన్నప్పుడు, పక్కన కూర్చుని, గొంతు పెంచకుండా అడగండి. "నీకు ఈ నెల బయట చేరలేదని నాకు తెలుసు. కొట్టడానికి అడగట్లేదు. నువ్వు ఎవరికైనా దగ్గరయ్యావా? నీకిష్టం లేకుండా ఎవరైనా నీ మీద చెయ్యి వేశారా? ఏది జరిగినా నేను నీ వెంటే ఉంటా." ఈ రెండు ప్రశ్నలూ అడగండి. రెండోది మర్చిపోవద్దు. మీ కళ్లన్నీ ఆ మెసేజీల అబ్బాయి మీదే ఉన్నాయి. కానీ పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం, కింద నమోదైన కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు ఆ పిల్లకు తెలిసినవాళ్లే. చుట్టాలు, ఇరుగుపొరుగు, ఇంటి ఓనరు, ట్యూషన్ చెప్పేవాడు, ఎవరైనా కావచ్చు. మీరు రెండు పూటలా పనికి పోయాక మీ ఇంటికి ఎవరు వచ్చిపోతారో ఒకసారి మనసులో వేసుకోండి. ఎవరినీ అనుమానించమని కాదు, పిల్ల చెబితే నమ్మడానికి సిద్ధంగా ఉండమని.

ఏమీ లేదని అంటే నమ్మండి. నమ్మి, నెలసరి కోసం డాక్టరుకు చూపించండి. తటపటాయిస్తే ప్రెగ్నెన్సీ కిట్ తెచ్చి పొద్దుటి మొదటి మూత్రంతో చూడండి. ఆశా వర్కరు దగ్గర ఉచితంగా దొరుకుతుంది. కానీ ఆశమ్మ కూడా మీ గల్లీ మనిషే కదా, నాలుగు గల్లీల అవతల మెడికల్ షాపులో కొనుక్కోవడమే మేలు.

ఒకవేళ కిట్‌లో రెండు గీతలొస్తే ఒక్కటి మాత్రం చెయ్యొద్దు. ఎవరో చెప్పారని మందుల షాపులో బిళ్లలు తెచ్చి ఇంట్లో మింగించొద్దు. ఎన్నో నెలో తెలియకుండా, స్కాన్ లేకుండా వేసుకుంటే రక్తస్రావం ఆగక ప్రాణం మీదికి వచ్చిన పిల్లలున్నారు. నేరుగా ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి తీసుకెళ్లండి. కోఠిలోనో పేట్లబురుజులోనో ఎవరూ మిమ్మల్ని గుర్తుపట్టరు. గర్భం తీయించుకోవడానికి మన దేశంలో 1971 నుంచి చట్టం ఉంది, 2021లో దాన్ని సవరించారు. 20 వారాల లోపు ఒక డాక్టరు ఒప్పుకుంటే చాలు. 18 నిండని పిల్లలకు ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే 24 వారాల దాకా వీలుంది. సంరక్షకురాలిగా మీ సంతకం కావాలి. తీయించుకోవాలా వద్దా అన్నది మాత్రం అత్తమ్మో మీరో తేల్చేది కాదు. ఆ పిల్ల ఏమంటుందో వినాలి. ఉంచుకుంటానంటే నెలనెలా చెకప్ తప్పకూడదు. ఈ వయసు కాన్పును డాక్టర్లు ప్రమాదం ఎక్కువ ఉన్నదిగానే చూస్తారు.

ఆసుపత్రికి వెళ్లేముందే ఒక సంగతి తెలుసుకుని వెళ్లండి, అక్కడ కంగారు పడకుండా. 18 లోపు పిల్ల గర్భంతో వస్తే డాక్టరు పోలీసులకు తెలపాలి, పోక్సో చట్టం అలా చెబుతోంది. ఇష్టపడే కలిశామని పిల్ల అన్నా ఆ వయసులో చట్టం దాన్ని లెక్కలోకి తీసుకోదు. అబ్బాయికి కూడా 18 నిండకపోతే అతని సంగతి జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. ఈ కేసు భయానికే చాలామంది ఆసుపత్రి గడప తొక్కరు. అందుకే 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఒక వెసులుబాటు ఇచ్చింది. గర్భం తీయించుకోవడానికి వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే, డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు చెప్పనక్కర్లేదు. ఈ సంగతి అన్ని ఆసుపత్రుల్లో అందరికీ తెలిసి ఉండకపోవచ్చు, మీరే నోరు తెరిచి అడగండి. బలవంతం జరిగిందని పిల్ల చెబితే దారి వేరు. హైదరాబాద్ పోలీసుల భరోసా కేంద్రం 2016 నుంచి ఉంది. వైద్యం, కౌన్సెలింగ్, వాంగ్మూలం అక్కడ ఒక్కచోటే జరుగుతాయి, పిల్లను స్టేషన్ల చుట్టూ తిప్పరు.

ఇక పక్కింటి అమ్మాయి. గల్లీలో అందరూ 'ఎవడు, ఎప్పుడు, ఎక్కడ' అని అడిగి ఉంటారు. నాకు మాత్రం ఆ ఐదు నెలల గురించే అడగాలని ఉంది. మొదటి నెల తప్పినప్పుడే ఆ పిల్లకు ఏదో అర్థమై ఉంటుంది. ఆ తర్వాత ఇన్ని నెలలు, ఒక్క గదిలో, అదే చాప మీద అమ్మ పక్కనే పడుకుంటూ, ఎందుకు చెప్పలేకపోయింది? చెబితే చంపేస్తారనుకుంది. రెండో నెలలో చెప్పి ఉంటే డాక్టరు దగ్గర పని తేలిగ్గా అయిపోయేది. ఐదో నెలలో దారులన్నీ ఇరుకైపోయాయి. వారంగా మీ ఇంట్లో జరుగుతున్నది చూడండి. మెసేజీలకే కొట్టారు, చదువు ఆపారు. రేపు నిజంగా పెద్దది ఏదైనా జరిగితే ఆ పిల్ల మీకు చెబుతుందా? 'తిన్నావా' అన్న మాటకే ఇంత జరిగితే అంతకంటే పెద్ద మాట నోటిదాకా రాదు. కోపంతో అనడం లేదు. భయపడి కొట్టారని తెలుసు. కానీ మీ చేతిలో ఉన్న అసలైన రక్షణ ఒక్కటే, పిల్ల మొదటి రోజే మీ దగ్గరికి రాగలగడం. దాన్ని ఈ వారం మీరే కొంత పోగొట్టారు. తిరిగి తెచ్చుకోవచ్చు.

ఆ మెసేజీ గురించి ఇంకో మాట. మీరు ఆరింటికి పోయి నాలుగిళ్ల వాళ్లకు వండి పెడుతున్నారు. మీ ఆయన ఆటోతో బయట. అత్తమ్మకు టీవీ, మోకాళ్ల నొప్పులు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ పిల్లను 'తిన్నావా' అని అడిగిన మనిషి ఒక్కడే. అది ప్రేమో కాదో నాకు తెలియదు, కానీ ఆ మాట కోసం ఏ పదహారేళ్ల పిల్లయినా ఫోన్ చూసుకుంటుంది. సిటీలో పని చేసుకు బతికే ఇళ్లన్నీ దాదాపు ఇలాగే ఉన్నాయి. ఊళ్లో ఉండి ఉంటే అమ్మమ్మ, పిన్ని, పక్కింటి అత్త, ఎవరో ఒకరు చూసేవాళ్లు, అడిగేవాళ్లు. ఇక్కడ చూసే కళ్లు చాలానే ఉన్నాయి గానీ మాట్లాడే నోళ్లు లేవు. పని మధ్యలో ఒక ఫోన్ చేసి 'తిన్నావా బిడ్డా' అనడానికి రెండు నిమిషాలు చాలు.

ఇప్పుడు పెళ్లి సంగతికి వద్దాం. మీ అమ్మ, అత్తమ్మ దేనికి భయపడుతున్నారు? చిన్న వయసులో కడుపు వస్తుందేమోనని. దానికి వాళ్లు చెబుతున్న మందేమిటి? పెళ్లి. శ్రావణంలో పెళ్లయితే సంక్రాంతికే అమ్మలక్కలు 'విశేషం ఏమైనా ఉందా' అని మొదలుపెడతారు. వచ్చే ఏడాదికి మీ అమ్మాయికి పద్దెనిమిది నిండకముందే ఐదో నెల. పక్కింట్లో అదే ఐదో నెలకు శాపనార్థాలు, మీ ఇంట్లో గాజులు, పూలు, శ్రీమంతం. తేడా అంతే. బీపీ పెరిగేటప్పుడు మెడలో తాళి ఉందో లేదో చూసుకోదు. ఈ వయసు తల్లుల్లో బీపీ ఎక్కువై ఫిట్స్ రావడం, రక్తం చాలకపోవడం, నెలలు నిండకుండానే కాన్పు, బరువు తక్కువ బిడ్డ, ఇవన్నీ పెద్దవాళ్లలో కంటే ఎక్కువ. 15–19 ఏళ్ల ఆడపిల్లల మరణాలకు ప్రపంచవ్యాప్తంగా ఉన్న ముఖ్య కారణాల్లో గర్భం, కాన్పు సమస్యలు ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటి నుంచో చెబుతోంది.

నేను ఇందాక చెప్పిన సర్వేలోనే ఇంకో లెక్క ఉంది. 15–19 ఏళ్ల వాళ్లలో అప్పటికే తల్లి అయినవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు కలిపి దేశం మొత్తంలో 6.8 శాతం. పట్టణాల్లో 3.8, పల్లెల్లో 7.9. తెలంగాణలో 5.8. ఆంధ్రప్రదేశ్‌లో 12.6, అంటే దేశం సగటుకు దాదాపు రెట్టింపు. ఈ లెక్క వినగానే జనం సెల్‌ఫోన్లను, సినిమాలను తిడతారు. కానీ మన దగ్గర ఈ లెక్కలో ఉన్న పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లోవాళ్లు దగ్గరుండి పెళ్లి చేసినవాళ్లే. ఆ సర్వే నాటికి 20–24 ఏళ్లున్న ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. చదువు సాగిన కొద్దీ చిన్న వయసు కాన్పులు తగ్గుతాయన్నది కూడా అదే సర్వే చూపిస్తుంది. మీరు వారం నుంచి ఆపింది ఆ చదువునే.

మీ తమ్ముడు మంచివాడన్నారు కదా. అందుకే అతన్ని ఇందులోకి లాగకండి. 2017 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, 18 నిండని భార్యతో కలిసినా అది అత్యాచారమే అని. పోక్సోలో ఇంకా కఠినం. బాలిక గర్భవతి అయినా, చేసినవాడు దగ్గరి బంధువైనా, 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 20 ఏళ్లు. మీరు ఎంత గుట్టుగా గుడిలో పెళ్లి చేసినా, కాన్పుకు ఆసుపత్రిలో ఆధార్ కార్డు ఇస్తారు. అందులో పుట్టిన తేదీ ఉంటుంది. అక్కడి నుంచి కబురు పోలీసులకు వెళుతుంది. తాగని, కష్టపడే తమ్ముడు జైల్లో, చంకలో బిడ్డతో కూతురు మీ ఇంట్లో. పెళ్లి చేసిన పెద్దల మీద కూడా 2006 బాల్యవివాహాల చట్టం కింద కేసు ఉంటుంది. మేనరికం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. మేనమామ సంబంధంలో పుట్టే పిల్లలకు వంశపారంపర్య జబ్బుల ముప్పు మేనబావ సంబంధంలో కంటే ఎక్కువని మాత్రం గుర్తుంచుకోండి. అది 18 తర్వాత, అమ్మాయికి ఇష్టమైతే అప్పుడు ఆలోచించుకునే సంగతి.

ఇవన్నీ అత్తమ్మకు మీరు చెబితే 'నాకు నీతులు చెబుతున్నావా' అంటారు. కాబట్టి ఆరోగ్యం, చదువు అని మొదలుపెట్టకండి. కోడలి మాట కంటే కేసు మాట బాగా పనిచేస్తుంది. "గల్లీలో ఎవరైనా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఒక్క ఫోన్ చేస్తే పెళ్లి పందిట్లోకే అధికారులు వస్తారు, పంతులు మీదా మన మీదా కేసు" అనండి, అది నిజం కూడా. ఇంకో మాట కూడా పనిచేస్తుంది. ఆడపిల్ల పెళ్లికి సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి కింద వచ్చే 1,00,116 రూపాయలు పిల్లకు 18 నిండితేనే. ఆడపిల్ల వయసు గురించి ఎన్ని చెప్పినా వినని పెద్దలు ఈ లక్ష గురించి విని ఆగిన ఇళ్లున్నాయి. నవ్వొస్తుంది గానీ, ఆగడమే కదా మనకు కావాల్సింది. మీ తమ్ముడితో కూడా విడిగా మాట్లాడండి. అతనికి ఈ పెళ్లి ఇష్టమో కాదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అతనే వద్దంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. ఎంత చెప్పినా వినకుండా ముహూర్తం పెట్టేస్తే, 1098కి ఫోన్ చేసేది మీరే కావచ్చు. మీ పేరు బయటపెట్టొద్దని చెప్పొచ్చు.

'బతికాం కదా' అని రాశారు. బతికారు, నిజం. ఎలా బతికారో మీకే తెలుసు. పదిహేడేళ్లకు బిడ్డనెత్తుకుని, తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయి, కొత్త సిటీలో, ఏ నిర్ణయానికైనా అత్తమ్మ మొహం చూస్తూ. చిన్నప్పుడే తల్లయినవాళ్ల కూతుళ్లు కూడా చిన్నప్పుడే తల్లవడం చాలా దేశాల్లో కనిపిస్తుంది. అది రక్తంలో వచ్చేది కాదు. తల్లికి చదువు లేదు కాబట్టి చేతిలో డబ్బు తక్కువ. డబ్బు తక్కువ కాబట్టి ఇంట్లో మాటకు బలం తక్కువ. మాటకు బలం లేదు కాబట్టి కూతురి పెళ్లి ఇంకెవరో నిర్ణయిస్తారు. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా ఇదే. ఒక తేడా ఉంది, ఇప్పుడు మీ చేతిలో జీతం ఉంది. దాన్ని గుర్తుపెట్టుకుని మాట్లాడండి.

పిల్లతో ఏం మాట్లాడాలి అంటారేమో. మన ఇళ్లలో ఒక వింత ఉంది. పిల్ల పెద్దమనిషి అయితే అప్పు చేసైనా ఫంక్షన్ చేస్తాం, ఫ్లెక్సీ కడతాం, బస్తీ మొత్తానికి భోజనాలు పెడతాం. అందరికీ చెబుతాం, ఆ పిల్లకు తప్ప. నెలసరి ఎందుకు వస్తుంది, కడుపు ఎలా వస్తుంది, ఎలా రాకుండా ఉంటుంది, ఎవరైనా బలవంతపెడితే ఎలా తప్పించుకోవాలి, ఫొటోలు పంపమంటే ఏమనాలి, ఒక్క ముక్క చెప్పం. చెబితే చెడిపోతారని భయం. యునెస్కో 2018లో చాలా దేశాల అధ్యయనాలను కలిపి చూసి, ఇలాంటి చదువు వల్ల పిల్లలు తొందరపడడం పెరగదని చెప్పింది. మీకు నోరు రాకపోతే ప్రభుత్వ ఆసుపత్రుల్లో కిశోర పిల్లల క్లినిక్‌లు ఉన్నాయి, అక్కడి కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లండి. కానీ మొదట మీ కథ మీరే చెప్పండి. పదహారేళ్లకు పెళ్లయిన రోజు మీకేమనిపించిందో, మొదటి కాన్పు ఎలా జరిగిందో. దాని ముందు ఆ మాట మీరెప్పుడూ ఎత్తి ఉండరు.

మీ ఆయన గురించి ఉత్తరంలో ఆటో నడుపుతారని తప్ప ఏమీ లేదు. ఈ గొడవలో ఆయనేమంటున్నారు? చాలా ఇళ్లలో ఆడపిల్ల పెద్దదవగానే తండ్రి మాట్లాడడం మానేస్తాడు, మర్యాద అనుకుంటాడు. పిల్లకు అది దూరం పెట్టడంలా అనిపిస్తుంది. వారానికి రెండుసార్లైనా ఆటోలో ఆయన్నే కాలేజీ దగ్గర దింపమనండి. దారిలో పాటలు పెట్టుకున్నా చాలు, మాటలు వాటంతట అవే వస్తాయి. బాబుకు ఏడో క్లాసే కదా, అక్కకు చెప్పేవి వాడికీ చెప్పండి. ఇంకొకరి కూతురి ఉత్తరంలో 'ఆ అబ్బాయి' రేపు వాడే అవుతాడు.

ఆ అబ్బాయి ఇంటికెళ్లి గొడవ పెట్టుకోకండి. ఎవరో, ఏం చదువుతాడో, వయసెంతో కూతురినే అడగండి, చెబుతుంది. ఫోన్ పూర్తిగా తీసేసుకుంటే ఫ్రెండ్ ఫోన్‌లో మాట్లాడుతుంది, మీకు తెలియదంతే. తిరిగి ఇచ్చేయండి, రాత్రి తొమ్మిది తర్వాత అందరి ఫోన్లూ ఒకే చోట ఛార్జింగ్‌లో ఉండాలని పెట్టండి, మీది, మీ ఆయనది కూడా. ఆయన ఒప్పుకోడం కష్టమే.

సోమవారం కాలేజీకి పంపండి. ఇంటర్ బోర్డు 75 శాతం హాజరు అడుగుతుంది, ఇంకా మానితే పరీక్షకే ఇబ్బంది. వారం ఎందుకు రాలేదని లెక్చరర్ అడిగితే జ్వరమని లెటర్ రాసివ్వండి. అబద్ధమే, ఫరవాలేదు.